ఆస్బోర్న్ హౌస్: విక్టోరియా రాణి సముద్రతీర విల్లా

ఇంగ్లండ్ దక్షిణ తీరానికి ఎదురుగా, సోలెంట్ అనే సన్నని జలసంధికి అవతల, ఐల్ ఆఫ్ వైట్ దీవి ఉంది. దాని ఉత్తరపు ఒడ్డున, ఈస్ట్ కౌస్ ఊరి పక్కన, సముద్రం వైపు వాలుగా దిగే పచ్చిక నేల మీద రెండు చదరపు గోపురాలతో నిలిచిన లేత గోధుమరంగు మేడ ఆస్బోర్న్ హౌస్. విక్టోరియా రాణి, ఆమె భర్త ఆల్బర్ట్ 1845లో దీనికి పునాదిరాయి వేశారు, 1851 నాటికి కట్టడం ముగించారు. రాణికి అప్పటికే లండన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్, ఊరి వెలుపల విండ్సర్ కోట ఉన్నాయి. అవి రాజ్యానివి, తరాల నాటివి. ఆస్బోర్న్ మాత్రం ఆలుమగలు సొంత డబ్బుతో కొనుక్కుని, తమ ఇష్టప్రకారం కట్టుకున్న ఇల్లు. 1901 జనవరి 22న రాణి కన్నుమూసింది కూడా ఈ ఇంట్లోనే.

విక్టోరియా కాలపు సముద్రతీర విల్లాలు ఇంగ్లండ్‌లో వేలకొద్దీ ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే పెద్దది, అందరూ చూసి అనుకరించింది ఇదే. బయటి నుంచి చూస్తే ఇటలీ మేడ, లోపల ఇనుము, సిమెంటు, వేడి గాలి గొట్టాలు. పైకి రాజప్రాసాదం, గదుల అమరికలో మాత్రం పిల్లలున్న సంసారి ఇల్లు. ఈ కట్టడాన్ని గోడల మీది అలంకారాన్ని బట్టి అంచనా వేస్తే సగమే అర్థమవుతుంది. ఏ గది పక్కన ఏ గది పెట్టారో, ఎవరిని ఎక్కడ ఆపారో, నేలల అడుగున ఏం దాచారో చూడాలి.

సముద్రం దారి

విల్లా అనే మాట ఇవాళ హైదరాబాద్ శివార్లలో గేటెడ్ కమ్యూనిటీల బ్రోచర్లన్నిటా కనిపిస్తుంది. మాట రోమన్లది. పట్నంలో పదవులు, వ్యాపారాలు ఉన్న రోమన్ సంపన్నులు ఊరి బయట కట్టుకున్న ఇంటిని విల్లా అనేవారు. నేపుల్స్ అఖాతం చుట్టూ సముద్రాన్ని చూస్తూ అలాంటివి వరసగా ఉండేవి. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లిష్ దొరలు ఇటలీ యాత్రలకు వెళ్లి, ఆ శిథిలాలనూ ఆ తర్వాతి కాలపు ఇటాలియన్ మేడలనూ చూసి, ఆ రుచిని వెంట తెచ్చుకున్నారు.

ఇంగ్లండ్‌లో సముద్రపు ఒడ్డు అంతకు ముందు జాలరులది, నావికులది. 1750లలో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు ఉప్పునీటి స్నానం రోగాలు కుదురుస్తుందని పుస్తకం రాశాక కలిగినవాళ్లు ఒడ్డుకు రావడం మొదలుపెట్టారు. మూడో జార్జి రాజు వేమత్‌లో మునకలు వేశాడు. ఆయన కొడుకు బ్రైటన్‌లో రాయల్ పెవిలియన్ కట్టించాడు. ఆర్కిటెక్ట్ జాన్ నాష్ దానికి 1815 నుంచి 1822 వరకు హిందూస్థానీ గుమ్మటాలు తొడిగాడు. పట్టం కట్టుకున్నాక విక్టోరియాకు ఆ పెవిలియన్ వంశపారంపర్యంగా దక్కింది కానీ ఆమెకు నచ్చలేదు. చుట్టూ ఊరు పెరిగిపోయింది. కిటికీలోంచి చూస్తే సముద్రం రవ్వంత మాత్రమే కనబడేది. 1841లో లండన్ నుంచి రైలు వచ్చాక వీధిలో కాలు పెడితే జనం వెంటపడేవారు. చివరికి 1850లో దాన్ని 53,000 పౌండ్లకు బ్రైటన్ పట్టణానికే అమ్మేశారు.

రైలే ఆస్బోర్న్‌కు దారి కూడా చూపించింది. లండన్ నుంచి గోస్పోర్ట్ వరకు రైలు, అక్కడి నుంచి రాచ నౌక. ఒక పూటలో దీవి చేరవచ్చు, మంత్రులు దస్త్రాలతో వచ్చి వెళ్లవచ్చు, జనం మాత్రం నీళ్ల అవతలే ఆగిపోతారు. విక్టోరియా చిన్నప్పుడు, 1831లోనూ 1833లోనూ, పక్కనే ఉన్న నోరిస్ కాజిల్‌లో సెలవులు గడిపింది, ఆ తీరం ఆమెకు తెలిసినదే. ప్రధానమంత్రి రాబర్ట్ పీల్ మధ్యవర్తిగా ఉండి ఆస్బోర్న్ ఎస్టేటు బేరం కుదిర్చాడు. 1844లో అద్దెకు తీసుకుని ఉండి చూశారు, 1845లో కొనేశారు. ప్రభుత్వ భవనాల మీద అజమాయిషీ చేసే శాఖ అధికారుల పోరు ఇక లేదని రాణి ఉత్తరాల్లో సంబరపడింది. తమకే సొంతమైన ఇసుక ఒడ్డు దొరికిందన్నది ఆమె మరో సంతోషం.

అక్కడున్న పాత ఇల్లు పెద్ద సంసారానికి చాలదు. మరమ్మతు చేసి పెంచుదామా అని అడిగితే, కొత్తది కట్టుకోవడమే మేలని సలహా ఇచ్చినవాడు థామస్ క్యూబిట్.

మేస్త్రి, మొగుడు, ఇటలీ

ఈ ఇంటికి మామూలు అర్థంలో ఆర్కిటెక్ట్ లేడు. గీసింది ఆల్బర్ట్, కట్టింది క్యూబిట్, రంగులూ అలంకారాలూ చెప్పింది డ్రెస్డెన్ నుంచి వచ్చిన లుడ్విగ్ గ్రూనర్.

క్యూబిట్ కథ చెప్పుకోదగ్గది. 1788లో నార్ఫోక్‌లో వడ్రంగి కుటుంబంలో పుట్టాడు. కుర్రతనంలో ఓడ మీద వడ్రంగి పనికి కుదిరి ఇండియా దాకా వచ్చి వెళ్లాడు. ఆ ప్రయాణంలో కూడబెట్టిన డబ్బే అతని వ్యాపారానికి మూలధనం అయింది. ఆ రోజుల్లో ఇల్లు కట్టాలంటే తాపీవాళ్లు, వడ్రంగులు, రాతిపనివాళ్లు వేర్వేరు గుత్తలకు వచ్చేవారు. ఒకళ్లు రాకపోతే మిగతావాళ్ల పని ఆగిపోయేది. క్యూబిట్ అందర్నీ తన కింద జీతాల మీద పెట్టుకున్నాడు, పనికీ పనికీ మధ్య ఇంటికి పంపకుండా అట్టే పెట్టుకున్నాడు. లండన్‌లో బెల్గ్రేవియా, పిమ్లికో పేటల్లో సగం అతని చేతి మీదుగా లేచినవే. థేమ్స్ ఒడ్డున ఉన్న తన కార్ఖానాలో తలుపులు, కిటికీలు, అచ్చుపోసిన అలంకారాలు తయారుచేయించి పని జరిగేచోటికి పంపేవాడు. ఆస్బోర్న్‌కు తెచ్చింది కూడా ఆ పద్ధతినే. ఇవాళ మనం ప్రీఫ్యాబ్ అని కొత్తగా చెప్పుకునేదానికి అది పెద్దన్న.

ఆల్బర్ట్ జర్మనీ వాడు, పెళ్లికి ముందు ఇటలీ తిరిగి వచ్చినవాడు. సోలెంట్ నీళ్లను చూస్తే అతనికి నేపుల్స్ అఖాతం గుర్తొచ్చిందట. ఆ పోలికే ఇంటి రూపాన్ని నిర్ణయించింది. ఇటాలియన్ ధోరణి అప్పటికి ఇంగ్లండ్‌కు పూర్తిగా కొత్త కాదు. 1802 ప్రాంతంలోనే జాన్ నాష్ ష్రాప్‌షైర్‌లో క్రాంక్‌హిల్ అనే గుండ్రని గోపురపు విల్లా కట్టాడు. చార్ల్స్ బారీ లండన్ క్లబ్బులకు ఇటలీ మేడల ముఖం పెట్టాడు. ఆస్బోర్న్ ఆ ధోరణిని సముద్రానికి ఎదురుగా నిలబెట్టి, దానికి రాజముద్ర వేసింది.

ఆ ధోరణి గుర్తులు సులువుగా పట్టుకోవచ్చు. చూరు ముందుకు వస్తుంది, కప్పు వాలు తక్కువ. కిటికీల పైన గుండ్రని కమాన్లు. మేడ మీద స్తంభాల వసారా, దాన్ని లాజియా అంటారు. ఒకే ఎత్తులో కుదురుగా కాకుండా ఎగుడుదిగుడుగా పేర్చిన దిమ్మెలు, వాటి మీద చదరపు గోపురం. ఆస్బోర్న్‌లో జెండా గోపురం ఎత్తు 107 అడుగులు, గడియారపు గోపురం 90 అడుగులు. రెండూ ఒకదానికొకటి జత కావు, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు. అందుకే నౌక మీద వచ్చేవాళ్లకు నౌక కదిలేకొద్దీ ఇల్లు వేరే వేరే ఆకారాల్లో కనబడుతుంది. ఈ అసమానత సముద్రతీరానికి బాగా కుదిరిన గుణమని నా అభిప్రాయం. మైదానంలో రాజవీధి చివర నిలబడే ఇంటికి సౌష్ఠవం కావాలి. దీన్ని చూసేవాళ్లు నీళ్ల మీద, పక్క నుంచి, కదులుతూ చూస్తారు.

నేపుల్స్ ఎండకు నీడ కోసం పుట్టిన లాజియా ఇంగ్లండ్‌లో గాలివాటం తప్పించుకుని ఓడలు చూసే చోటుగా మారింది. ఇంటి ముందు వాలు నేలను మెట్లుమెట్లుగా చదునుచేసి, ఇటాలియన్ తోట అరుగులు కట్టారు. ఆ అరుగుల మీది విగ్రహాలు, కూజాలు చాలావరకు పాలరాయి కావు. సిమెంటు పోతలు, జింకు పోతలు, పైన రంగు.

గదుల అమరిక

1846 సెప్టెంబరులో, మిగతా ఇల్లు ఇంకా లేవకముందే, కుటుంబం కొత్త ఇంట్లో చేరింది. ముందుగా పూర్తయిన ఆ భాగం పెవిలియన్. సముద్రం వైపు అర్ధచంద్రాకారంలో ముందుకు వచ్చిన కిటికీలతో మూడంతస్తుల దిమ్మె. కింద భోజనాల గది, డ్రాయింగ్ రూమ్, బిలియర్డ్స్ గది. మధ్య అంతస్తులో రాజదంపతుల పడకగది, కూర్చునే గది, ముస్తాబు గదులు, స్నానాల గదులు. ఆ పైన పిల్లలూ ఆయాలూ. 1840 నుంచి 1857 వరకు వాళ్లకు తొమ్మిది మంది పిల్లలు పుట్టారు. ఆ కాలంలో ఉన్నత కుటుంబాలు పిల్లల్ని ఇంటికి దూరంగా, వేరే రెక్కలో పెంచేవి. ఇక్కడ పిల్లల గది తల్లి పడకగదికి సరిగ్గా నెత్తిన ఉంది, మధ్య ఒక్క మెట్లవరస.

కొలువు ఉద్యోగులు, అతిథులు, రాణి తల్లి డచెస్ ఆఫ్ కెంట్ వీళ్లందరికీ వెనక వేరే రెక్కలు కట్టారు. రెంటినీ కలిపేది గ్రాండ్ కారిడార్ అనే పొడవాటి నడవా, నేలంతా మింటన్ కంపెనీ రంగుల టైల్స్, గోడ గూళ్లలో విగ్రహాలు. ఆ నడవా దాటి పెవిలియన్‌లోకి రావాలంటే పిలుపు ఉండాలి. ఇంటినీ ఆఫీసునూ ఒకే కప్పు కింద పెట్టి మధ్యలో నడవాతో గిరి గీసిన ఈ పద్ధతి ఆస్బోర్న్ ఆర్కిటెక్చర్‌కు గుండెకాయ. పాత రాజభవనాల్లో గదులు ఒకదాంట్లోంచి ఒకటి తెరుచుకుంటూ పోతాయి. ఎవరి హోదాను బట్టి వాళ్లు ఎన్ని గదులు లోపలికి రాగలరో తేలేది, రాజు పడకగది కూడా కొలువులో భాగమే. ఇక్కడ ఆ వరసను తెంచేశారు.

కింది మూడు గదుల అమరికలో ఇంకో చిన్న తెలివి ఉంది. మూడూ మెట్ల చుట్టూ మలుపు తిరుగుతూ ఉంటాయి. డ్రాయింగ్ రూముకూ బిలియర్డ్స్ గదికీ మధ్య గోడ లేదు, స్తంభాలే. రాణి ఎదుట కొలువు మగవాళ్లు కూర్చోకూడదని మర్యాద. రాత్రి భోజనమయ్యాక గంటలకొద్దీ నిలబడటమంటే ఎవరికైనా కాళ్లు పీకుతాయి. స్తంభాల అవతల, మలుపు తిరిగినచోట, బిలియర్డ్స్ బల్ల దగ్గరున్నవాళ్లు లెక్కప్రకారం రాణి సమక్షంలోనే ఉంటారు, ఆమె కంటికి మాత్రం ఆనరు. కాబట్టి కూర్చోవచ్చు. పిలిస్తే పలకవచ్చు. మర్యాద చెడకుండా మనుషులకు ఊపిరాడేటట్టు గది మూల తిప్పిన ఈ ఆలోచన ఆ ఇంట్లో నాకు అన్నిటికన్నా ముచ్చటైనది.

ఆ బిలియర్డ్స్ బల్ల దగ్గరే ఒక్క నిమిషం ఆగాలి. ఆల్బర్ట్ దాని అలంకారంలో తనే చెయ్యి పెట్టాడు. దూరం నుంచి చూస్తే రంగుల పాలరాయి కాళ్లు, పాలరాయి అంచు. దగ్గరికి వెళితే అది పలక రాయి. మనం చిన్నప్పుడు అఆలు దిద్దిన పలక ఉందే, ఆ జాతి రాయే. దానికి రంగులు పూసి, కాల్చి, పాలరాయి చారలు తెప్పించారు. పక్కన నిలబడ్డ స్తంభాల సంగతి కూడా అంతే. వాటి పైపూత స్కాగ్లియోలా. జిప్సం పిండిలో జిగురు, రంగులు కలిపి, పూసి, పాలరాయిలా మెరుగుపెట్టేది.

మెట్ల పైన గోడ నిండా విలియం డైస్ 1847లో వేసిన ఫ్రెస్కో ఉంది. సముద్రదేవుడు నెప్ట్యూన్ తన అధికారాన్ని బ్రిటన్‌కు ప్రతీకైన బ్రిటానియా చేతిలో పెడుతున్న దృశ్యం. పిల్లలు రోజూ ఆ బొమ్మ కింద నుంచే పడుకోవడానికి వెళ్లేవారు.

గోడల లోపల

1834లో లండన్ పార్లమెంటు భవనాలు కాలి బూడిదయ్యాయి. ఆ తర్వాతి తరం పెద్ద కట్టడాలన్నిటికీ నిప్పు భయం పట్టుకుంది. ఆస్బోర్న్‌లో నేలలకు కర్ర దూలాలు వాడలేదు. ఇనుప గర్డర్లు పరిచి, గర్డరుకూ గర్డరుకూ మధ్య ఇటుకలతో చిన్న కమాన్లు తిప్పి, పైన చదునుచేశారు. మన పాత రైల్వే స్టేషన్లలో, కచేరీల్లో, తలెత్తి చూస్తే వరసగా అలల్లా కనబడే కప్పు ఉంటుంది కదా, అదే పద్ధతి. కర్ర మంటకు అందులో చోటు లేదు.

కమాన్ల వంపుల మీద మిగిలే ఖాళీని పూడ్చడానికి క్యూబిట్ సముద్రపు గుల్లలు పోయించాడు. తొమ్మిది మంది పిల్లలు పైన పరుగెడుతుంటే కింద దస్త్రాల మీద సంతకాలు పెట్టే తల్లికి ఆ చప్పుడు వినపడకూడదు. గుల్లల మధ్య గాలి చిక్కుకుని శబ్దాన్ని మింగేస్తుంది. సముద్రాన్ని చూడటానికి కట్టిన ఇంట్లో సముద్రం ఇలా నేలల అడుగున కూడా ఉంది. సందర్శకులెవరికీ కనబడదు.

బయటి గోడలు ఇటుకవి, మీద రోమన్ సిమెంటు గిలాబా. పేరు రోమన్ అయినా పుట్టింది ఇంగ్లండ్‌లోనే, 1796లో జేమ్స్ పార్కర్ పేటెంట్ తీసుకున్నాడు. సున్నపురాయి, బంకమట్టి సహజంగా కలిసిన గుండ్రాళ్లను కాల్చి పొడి చేస్తే వచ్చేది. నిమిషాల మీద గట్టిపడుతుంది, తడిలోనూ పట్టు విడవదు. ఉప్పుగాలి కొట్టే ఒడ్డుకు అది సరిపోయింది. తడి మీదనే గీతలు గీసి, బాత్ ఊరి రాయి రంగు వేసి, దిమ్మెలు పేర్చిన రాతిగోడ అనిపించారు.

ఆ ఇల్లు ఇంకా పూర్తికాకముందే, 1849లో, కళావిమర్శకుడు జాన్ రస్కిన్ ది సెవెన్ ల్యాంప్స్ ఆఫ్ ఆర్కిటెక్చర్ అచ్చువేశాడు. ఒక పదార్థాన్ని ఇంకో పదార్థంలా కనబడేటట్టు రంగు వేయడం కట్టడపు అబద్ధమని అందులో గట్టిగా ఖండించాడు. ఆ లెక్కన ఆస్బోర్న్ నిలువెల్లా అబద్ధమే: సిమెంటు రాయిగా, పలక పాలరాయిగా, జింకు కంచుగా. రస్కిన్ కోపంలో న్యాయం ఉంది, కానీ ఆ న్యాయం అంతటా చెల్లదు. మన తీరంలో గుల్లసున్నాన్ని గానుగలో నూరి, కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి, పై పూతకు కోడిగుడ్డు తెల్లసొన చేర్చి, గులకరాయితో రోజుల తరబడి రుద్ది, అద్దంలా మెరిపించేవారు. మద్రాసు ప్రాంతానికి వచ్చిన తెల్లవాళ్లు ఆ గోడల్ని చూసి పాలరాయి అనుకున్నారు. ఆ మేస్త్రిని అబద్ధీకుడని ఎవరూ అనలేదు. పూతలో మనిషి చేతి శ్రమ కనబడితే అది కళ. ఆస్బోర్న్ పూతల్లో కొన్నిట శ్రమ కనబడుతుంది, అరుగుల మీది అచ్చు విగ్రహాల్లో కనబడదు. తేడా అక్కడుంది.

కిటికీల సంగతి పన్నులతో ముడిపడింది. ఇంగ్లండ్‌లో 1696 నుంచి ఇంటికి ఉన్న కిటికీల లెక్కన పన్ను కట్టాలి. ఆ బాధ పడలేక కొందరు కిటికీలను ఇటుకలతో మూసేసుకున్నారు. గాజు మీద వేరే సుంకం, ఇటుక మీద ఇంకోటి. గాజు సుంకం 1845లో రద్దయింది, ఇటుక సుంకం 1850లో, కిటికీ పన్ను 1851లో. ఆస్బోర్న్ పని మొదలైన ఏడూ ముగిసిన ఏడూ సరిగ్గా వీటిలో మొదటిదీ చివరిదీ. చిన్న చిన్న గళ్లుగా ముక్కలు చేయకుండా పెద్ద పెద్ద గాజు పలకలు బిగించిన ఈ కిటికీల్లోంచి ఓడ మధ్యలో చట్రం కర్ర అడ్డు రాకుండా మొత్తంగా కనబడుతుంది. ఇదే సౌకర్యం పదేళ్లలో మధ్యతరగతి ఇళ్లకూ దిగింది. సముద్రతీర ఊళ్లలో ముందుకు వచ్చే బే విండో లేని ఇల్లు లేకుండా పోయింది.

మిగతా వసతులు క్లుప్తంగా: వేడి గాలి గొట్టాలు, గొట్టాల నీరు, రాణి ముస్తాబు గదిలో బీరువా తలుపుల వెనక దాచిన స్నానపు తొట్టి, షవరు. ఎస్టేటు మురుగునీటిని వడపోసి పొలాలకు ఎరువుగా మళ్లించాలని ఆల్బర్ట్ స్వయంగా ప్రయోగాలు చేశాడు. 1878 జనవరిలో గ్రాహమ్ బెల్ తన టెలిఫోన్‌ను రాణికి చూపించింది ఇక్కడే.

ఒడ్డు, పిల్లలు

ఇంటి నుంచి అర మైలు దూరంలో, 1853-54లో, స్విస్ కాటేజ్ అనే కర్ర ఇల్లు లేచింది. ఆల్ప్స్ కొండల్లోని పల్లెటూరి ఇంటి నమూనా. లోపల పిల్లల ఎత్తుకు తగ్గ పొయ్యి, గిన్నెలతో నిజమైన వంటిల్లు. బయట ఒక్కొక్కళ్లకు ఒక్కో మడి, పేరు పొడి అక్షరాలు రాసిన చేతిబండి. పండించిన కూరగాయలకు ఆల్బర్ట్ బజారు ధర లెక్కకట్టి డబ్బులిచ్చేవాడు.

కింద ఒడ్డున రాణి స్నానపు బండి ఉండేది. చక్రాల మీద కర్ర గది, ముందు తెరలు కట్టిన చిన్న వసారా, లోపల మరుగుదొడ్డి కూడా. వాలుగా వేసిన పట్టాల మీదుగా దాన్ని నీళ్లలోకి దించేవారు. తెరల మధ్య నుంచి రాణి నేరుగా నీళ్లలోకి దిగేది, ఎవరి కంటా పడకుండా. మొదటిసారి 1847 జులైలో దిగింది. తర్వాత బండిని తాడుతో పైకి లాగేవారు. ఆమె పోయాక కొంతకాలం అది కోళ్ల గూడుగా పనికొచ్చింది. తర్వాత బాగుచేసి మళ్లీ ఒడ్డునే నిలబెట్టారు. సముద్రతీర ఆర్కిటెక్చర్ అని మాట్లాడేటప్పుడు గోపురాలతో పాటు ఈ బండిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. సముద్రం కావాలి, చూపులు వద్దు అన్న ఆ కాలపు మనసుకు ఇంత కచ్చితమైన ఆకారం ఇంకోటి లేదు.

దర్బార్ రూమ్

1861 డిసెంబరు 14న ఆల్బర్ట్ చనిపోయాడు. అతని గదులను ఉన్నవి ఉన్నట్టే ఉంచమని రాణి ఆజ్ఞ. ముప్పై ఏళ్ల పాటు ఇంటికి చెప్పుకోదగ్గ మార్పు జరగలేదు. 1877లో ఆమె భారత చక్రవర్తిని బిరుదు ధరించింది, 1887లో పాలన స్వర్ణోత్సవం జరిగింది. రాజుల రాకపోకలు, విందులు పెరిగాయి. సంసారం కోసం కట్టిన ఇంట్లో పెద్ద విందుకు గది లేదు. పచ్చికలో డేరాలు వేసి నడిపేవారు. జనాన్ని తప్పించుకోవడానికి కట్టిన ఇంటికి జనాన్ని కూర్చోబెట్టే సావడి కావలసివచ్చింది.

1890-91లో ఒక కొత్త రెక్క కట్టి, దాని కింది అంతస్తులో దర్బార్ రూమ్ తీర్చారు. లాహోర్‌లోని మేయో స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ ప్రిన్సిపాల్ జాన్ లాక్‌వుడ్ కిప్లింగ్‌ను, అంటే రచయిత రుడ్యార్డ్ కిప్లింగ్ తండ్రిని, సలహా అడిగారు. పని చేసింది ఆయన శిష్యుడు భాయ్ రామ్ సింగ్. పంజాబు వడ్రంగి కుటుంబంలో పుట్టి, ఆ స్కూల్లో చదివి, అక్కడే బోధించి, తర్వాతి కాలంలో దానికే ప్రిన్సిపాల్ అయినవాడు. అంతకు ముందు రాణి కొడుకు డ్యూక్ ఆఫ్ కన్నాట్‌కు బాగ్‌షాట్ పార్క్‌లో బిలియర్డ్స్ గది చేసి పేరు తెచ్చుకున్నాడు. ఆస్బోర్న్ పని కోసం దీవిలోనే కాపురమున్నాడు.

గది లోపలికి వెళితే తెల్లటి పని నెత్తిన కప్పు నుంచి గోడల దాకా అంగుళం ఖాళీ లేకుండా పరుచుకుని ఉంటుంది. నిప్పుగూడు పైన పింఛం విప్పిన నెమలి. చూస్తే చెక్కడంలా ఉంటుంది, నిజానికి ఎక్కువ భాగం పోత. రామ్ సింగ్ కర్రలో నమూనాలు చెక్కాడు. వాటి నుంచి అచ్చులు తీసి, లండన్‌కు చెందిన జాక్సన్ సంస్థ ప్లాస్టరు, కాగితపు గుజ్జు కలిపిన పదార్థంతో పోతలు పోసింది. క్యూబిట్ కాలం నుంచి ఆ ఇంటి ఆనవాయితీ అదే. కానీ ఈ పోతల్లో ఉలి జాడ చెరిగిపోలేదు. నెమలి పింఛం కళ్లు ఒక్కొక్కటీ విడివిడిగా లోతు తేలి ఉంటాయి. అరుగుల మీది జింకు విగ్రహాలతో పోలిస్తే మూలాన్ని చెక్కిన చెయ్యి ఎంత గొప్పదో తెలుస్తుంది. గదికి మొదటి నుంచీ విద్యుత్ దీపాలు పెట్టారు.

దాని నమూనా ఏ ఒక్క ప్రాంతానిదీ కాదు. మొగలాయి కమాను, సిక్కు పద్ధతి లతలు, రాజపుత్రుల జరోకా అన్నీ కలగలిశాయి. దక్షిణాది జాడ దాదాపు లేదు. ఇండియా గడ్డ మీద ఎన్నడూ కాలుపెట్టని చక్రవర్తిని కోసం ఒక లాహోర్ కళాకారుడు ఇంగ్లిష్ దీవిలో ఊహించి కట్టిన ఇండియా అది. పాలకుల కోరిక మేరకు పుట్టిందన్నది నిజం. అయినా ఆ ఇంట్లో అచ్చమైన పనితనం చూడాలంటే నేను ముందుగా ఈ గదికే వెళ్లమంటాను. దానికి దారితీసే నడవాలో ఆస్ట్రియా చిత్రకారుడు రుడాల్ఫ్ స్వొబోడా వేసిన భారతీయుల చిత్రాలు వరసగా ఉన్నాయి. రైతులు, చేతిపనివాళ్లు, సిపాయిలు. 1892లో వేసిన రామ్ సింగ్ చిత్రం కూడా వాటిలో ఉంది, తలపాగాతో.

పోలికలు

ఆస్బోర్న్ చూసి నౌకాశ్రయాల వ్యాపారులు, రిటైరైన అధికారులు తమ తాహతుకు తగ్గట్టు చదరపు గోపురం, సిమెంటు గిలాబా, గుండ్రని కమాన్ల కిటికీలు పెట్టుకున్నారు. టార్కీ కొండల మీద ఆ రకం విల్లాలు గుంపులుగా ఉన్నాయి. 1872-76లో మెల్బోర్న్‌లో కట్టిన గవర్నమెంట్ హౌస్ గోపురం ఆస్బోర్న్‌కు సొంత చెల్లెలు.

1870ల తర్వాత అభిరుచి మారింది. ఎర్ర ఇటుకను దాచకుండా చూపించడం, ఏటవాలు పెంకు కప్పులు, తెల్లరంగు కర్ర బాల్కనీలు వచ్చాయి. శతాబ్దం చివరికొచ్చేసరికి అన్నిటినీ కలిపేశారు. బోర్న్‌మత్ కొండ అంచున హోటల్ యజమాని మెర్టన్ రస్సెల్-కోట్స్ తన భార్య ఆనీ పుట్టినరోజు కానుకగా కట్టించిన ఈస్ట్ క్లిఫ్ హాల్ అందుకు సాక్ష్యం. 1901లో, రాణి పోయిన ఏడాదే, ఆ ఇల్లు ఆనీ చేతికొచ్చింది. ఆర్కిటెక్ట్ జాన్ ఫ్రెడరిక్ ఫోగర్టీ. ఇటాలియన్ ముఖం, స్కాట్లండ్ కోటల బురుజులు, స్పెయిన్ అల్హంబ్రా తరహా మూల, జపాన్ యాత్రలో తెచ్చిన వస్తువులు. ఆస్బోర్న్‌లో ఉన్న నిగ్రహం అక్కడ లేదు, సంబరం ఉంది. ఇప్పుడది మ్యూజియం.

రాణి తర్వాత

రాణి కొడుకు ఏడో ఎడ్వర్డ్‌కు ఆస్బోర్న్ అక్కర్లేకపోయింది. 1902లో తన పట్టాభిషేకం రోజున దాన్ని జాతికి ఇచ్చేశాడు. ఎస్టేటులో 1903 నుంచి 1921 వరకు నౌకాదళపు కుర్రవాళ్ల కాలేజీ నడిచింది. ఇంట్లో ఒక భాగాన్ని జబ్బుపడ్డ అధికారులు కోలుకునే విడిదిగా మార్చారు. తల్లి కన్నుమూసిన అంతస్తును మాత్రం ఎడ్వర్డ్ ఎవరూ చూడకుండా ఇనుప గేట్లు పెట్టి మూయించాడు. రెండో ఎలిజబెత్ అనుమతితో 1954లో అవి తెరుచుకున్నాయి. పక్కపక్కనే వేసిన ఆలుమగల రెండు రాతబల్లలు అప్పుడే జనానికి కనబడ్డాయి. 1986 నుంచి ఇంటి బాధ్యత ఇంగ్లిష్ హెరిటేజ్‌ది. పిల్లల గదులను సరిదిద్ది 1989లో తెరిచారు.

అందరికంటే చివర తెరుచుకుంది ఇసుక ఒడ్డు. తమకే సొంతమని రాణి మురిసిపోయిన ఆ తీరంలోకి మామూలు జనాన్ని 2012లో రానిచ్చారు. స్నానపు బండి అక్కడే ఉంది. దాని మెట్ల పక్కన చెప్పులు విడిచి పిల్లలు నీళ్లలోకి పరుగెడతారు.